ఉతకని చొక్కా

తెల్లవారగానే యూఫ్రోసినా చేసే మొదటి పని, దండెం కింద నిండిన మట్టి తొట్టి తీసి ఖాళీది పెట్టడం. ఆ తర్వాతే పొయ్యి, కాఫీ, బస్టాండులో అమ్మడానికి వేయించాల్సిన అరటికాయలు. దండెం మీద ఆమె కొడుకు లిసాండ్రో చొక్కా ఏళ్ళ తరబడి ఆరకుండా వేలాడుతోంది. నది సన్నబడి పడవలు బురదలో కూర్చున్న వేసవుల్లో కూడా దాని అంచు నుంచి చుక్కలు రాలుతూనే ఉన్నాయి. వీధిలో ఎవరికీ అదేమీ వింత కాదు. ఆరని చొక్కా ఆరదు, అంతే. నీళ్ళు వృథా చేయడమెందుకని పక్కింటి చోనా వాటిని తన టమాటా మొక్కలకు పోసుకునేది.

"వదినా, ఈసారి కాయలు మరీ మంట. పచ్చట్లో ఒక్క మిరపకాయ వెయ్యలేదు, అయినా మంటకి మా ఆయన కూజాడు నీళ్ళు తాగేశాడు," అంది చోనా గోడ మీంచి.

"ఆ మాట పోలీసు కమాండర్‌కి చెప్పుకో. కారం కలిపింది ఆయనే," అంది యూఫ్రోసినా.

కొన్నేళ్ళ కిందట ఊళ్ళో మందుల షాపాయన్ని ఎవరో చంపారు. ఆ వేళ లిసాండ్రో మేనకోడలి పేరు పెట్టే వేడుకలో గిటారు వాయిస్తున్నాడని వీధంతా చెప్పినా వినే నాథుడు లేడు. పోలీసులు అతన్ని బల్లకు కట్టి, కారం కలిపిన సోడా ముక్కులోకి పోశారు. నేనే చంపానని సంతకం పెట్టేదాకా పోస్తూనే ఉన్నారు. ఆ సంతకం మీద నలభై ఏళ్ళ శిక్ష పడింది. అప్పటినుంచి అతను గ్లాసు ఎత్తి నీళ్ళు తాగలేడు, చెంచాతో చప్పరించాల్సిందే.

"ఇంటికి పట్టుకెళ్ళి ఉతుక్కో," అని ఆ సోడాలో తడిసిన చొక్కాని ఆమె మొహాన పడేసింది కమాండరే. అతనిది ఎక్కడో ఉత్తరాది ఎడారి. ఈ తీరంలో, పోలీసులు పట్టుకుపోయిన మనిషి బట్టని అతను తిరిగొచ్చి గడప దాటేదాకా ఉతకరు. ఉతికితే అతను ఇంటికొచ్చే దారి చెరిగిపోతుంది. ఆ సంగతి కమాండర్‌కెవరూ చెప్పలేదు, ఆమె కూడా చెప్పలేదు. అలాగే తెచ్చి దండెం మీద వేసింది.

"ఒంటి మీద మచ్చలన్నీ మాసిపోయాయి పెద్దమ్మా," అంది లిసాండ్రో తరఫు లాయరు నయేలీ. "డాక్టర్ని ఇన్నేళ్ళ తర్వాత పంపారు. ఈ అప్పీలు పోతే పైన ఇంకో కోర్టు లేదు. మనకి మిగిలింది ఆ చొక్కాయే."

"తెస్తాలే. బకెట్టు కూడా తెచ్చుకోవాలా?"

తెచ్చుకోవాల్సే వచ్చింది. ఓడరేవు నగరంలోని కోర్టులో, బల్ల మీద బకెట్టులో చొక్కా కూర్చుంది. అది ఎందుకు ఆరలేదని సర్కారు లాయరు అడగలేదు. ఆయన పేచీ అంతా ఆ తడి ఎవరిదన్నదాని మీదే.

"పొద్దస్తమానం వంటింట్లో ఉండే మనిషి. ఆ కారం ఆమె చేతిదే," అన్నాడు.

కమాండర్ మీసం సవరించుకుంటూ లేచి న్యాయమూర్తి వైపు తిరిగాడు. "అమ్మగారూ, వాడి మీద మేం ఒక్క చుక్క కూడా పొయ్యలేదు. పైగా ఉతుక్కోమని నేనే చెప్పి ఇచ్చా. ఉతికేశాక మా నీళ్ళు దాన్లో ఎలా మిగులుతాయి?"

న్యాయమూర్తి రెఫూహియో కళ్ళద్దాలు తీసింది. ఆవిడది ఇదే నది కింది ఒడ్డున జాలరుల పేట.

"ఏమ్మా, ఉతికావా?"

"వాడింకా ఇంటికి రాలేదు కదమ్మగారూ," అంది యూఫ్రోసినా. "ఎలా ఉతుకుతాను?"

"అవును మరి," అందావిడ. దిగివచ్చి చొక్కా చేతిని తన గ్లాసులోకి పిండింది. నీళ్ళలో సన్నటి బుడగలు లేచాయి. ముక్కు దగ్గర పెట్టుకుని తుమ్మింది. గుమాస్తా తుమ్మాడు, సర్కారు లాయరు తుమ్మాడు, వెనక బల్లలన్నీ తుమ్మాయి. కటకటాల్లో లిసాండ్రో ఒక్కడే తుమ్మలేదు. ఒక చేత్తో ఊచ పట్టుకుని, రెండో చేత్తో ముక్కు గట్టిగా మూసుకున్నాడు. తల్లికి వాడి దగ్గరికి పరిగెత్తాలనిపించింది, జవాన్లు పోనివ్వలేదు.

"మా నీళ్ళన్నారు కదా కమాండర్‌గారూ, ఇవేనా?" అని ఆవిడ గ్లాసు ముందుకు చాపింది. కమాండర్ తలుపు వైపు చూశాడు.

హింసించి పెట్టించిన సంతకం చెల్లదని తీర్పొచ్చింది. ఆ సంతకం తీసేస్తే కేసులో ఇంకేమీ లేదు.

లిసాండ్రో గడప దాటిన రోజు యూఫ్రోసినా అతన్ని కావలించుకుని తనివితీరా ఏడ్చింది. తర్వాత సబ్బు తీసుకుని దొడ్లోకి వెళ్ళి, రాతి మీద ఆ చొక్కాని చేతులు నొప్పెట్టేదాకా ఉతికింది. ఎండెక్కేసరికి అది పొడిపొడిగా ఆరి, గాలికి చేతులు ఊపుతోంది.

"ఇక మిరపకాయలు కొనుక్కోవాలన్నమాట," అంది చోనా గోడ మీంచి.

"కొనుక్కో వదినా."

వెనకాల కుండ మూత చప్పుడైంది. లిసాండ్రో గ్లాసు ముంచుకుని గుమ్మంలో నిలబడ్డాడు. దండెం వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తల వెనక్కి వాల్చి, గ్లాసెత్తి గటగటా తాగాడు. ఖాళీ తొట్టి చేతిలో పట్టుకుని, తల్లి కదలకుండా అతని గొంతు వంకే చూస్తూ ఉండిపోయింది.