పెద్దకోడలి తలమీద అడవి

కొళాయి దగ్గర వరస తగ్గగానే తోడికోడళ్లిద్దరూ గడపలో కూర్చుని ఒకరి తల ఒకరు చూసుకుంటారు. పేల కోసం కాదు. కొండవాలు మీది అడవిని తగలబెట్టి కంపెనీ పామాయిల్ నాటిన ఏడాది నుంచీ, ఆ అడవిలో బతికిన ఆడవాళ్ల తలల్లో రోజూ మొక్కలు మొలుస్తున్నాయి. మగవాళ్ల తలల్లో ఎందుకు మొలవవని ఎవరూ అడగలేదు. బట్టతలలని సరిపెట్టుకున్నారు.

"కదలకక్కా, అత్తిమొక్క వేరు దించింది."

"లాగెయ్యవే. మేస్త్రి చూశాడంటే గేటు దాటనివ్వడు."

ఇద్దరికీ పని ఆ వాలు మీదే. పామాయిల్ కానిది ఏది కనబడినా పీకి పారెయ్యాలి. గేటు దగ్గర మేస్త్రి తలలు కూడా చూస్తాడు. "సొంత కలుపు తీసుకోలేనిదానివి, కంపెనీ కలుపేం తీస్తావ్?" అంటాడు.

అలా ఉండగా, భూముల ఆఫీసరు విచారణకి వస్తాడని చాటింపు వేశారు. కంపెనీ కాగితాల్లో ఆ వాలు మొదట్నుంచీ బీడు. అక్కడ అడవి ఉండేదని మూడు నెలల్లో రుజువు చేస్తే, అందులో కాపురమున్న వాళ్లకి భూమి తిరిగిస్తారట.

"రేపట్నుంచి నా తల ముట్టుకోకు," అంది పెద్దకోడలు.

"పిచ్చా నీకు? నొప్పికి చస్తావ్."

"చావనీ. నా కూతురు మాత్రం ఆ మేస్త్రి ముందు తల వంచకూడదు."

దరఖాస్తులో పేరు మొగుడిది. తల ఆమెది.

వేళ్లు చెవుల వెనక నుంచి మెడలోకి దిగాయి. కూలి పోయింది. పడుకోలేక గోడకానుకుని కూర్చునేది. పక్కలో ముళ్లు గుచ్చుకుంటున్నాయని మొగుడు అరుగు మీదికి మకాం మార్చాడు. టీకొట్టులో మాత్రం, "నా అడవి ఏపుగా పెరుగుతోందిరా," అని చెప్పుకున్నాడు.

విచారణ రోజున ఆమె తలగుడ్డ విప్పింది. వెదురు నిటారుగా లేచింది. ఆఫీసరు కుర్చీలోంచి లేచాడు. ఆయన వెంట వచ్చిన మొక్కల నిపుణుడు కళ్లద్దాలు తుడుచుకుంటూ లెక్కపెట్టి, ఇరవైమూడు రకాలన్నాడు. కంపెనీ వకీలు కాగితాలు సంచిలో సర్దుకున్నాడు.

"సందేహం లేదు. ఇది అడవే," అన్నాడు ఆఫీసరు.

మొగుడు చప్పట్లు కొట్టాడు. ఆమెకి ఏడుపొచ్చింది.

"అడవి గనక ప్రభుత్వానిది," అన్నాడు ఆఫీసరు. "ఇక్కణ్ణుంచి కదిలిస్తే నేరం."

"మరి మా వాలు, బాబూ?" అంది ఆమె.

"వాలు మీద అడవేదమ్మా? ఇక్కడుందిగా!"

తోడికోడలు బల్ల మీదికి వంగి, "మా అక్కని ఇంటికి తీసుకెళ్తాం," అంది. ఆఫీసరు ఫైలు ముందుకీ వెనక్కీ తిప్పాడు.

"ఏ అక్క? ఇందులో ఆడమనిషి పేరే లేదే."

విచారణ జరిగిన ఆఫీసు వెనక పెరట్లో ఆమెని నిలబెట్టి చుట్టూ ముళ్లకంచె వేశారు. వారం తిరక్కుండా పాదాలు నేలలోకి దిగిపోయాయి. నెలనెలకీ ఒళ్లు మానులా పొడుగు సాగింది. మొగుడికి అక్కడే కాపలా ఉద్యోగమిచ్చారు. ఖాకీ చొక్కా బాగా అమిరిందని అందరూ అన్నారు. పదహారేళ్ల కూతురు ఆదివారాలు వచ్చి, తండ్రికి పాసు చూపించి, కంచె ఇవతల నిలబడి తల్లిని చూసి వెళ్లేది.

వానలు మొదలవుతుండగా కంపెనీవాళ్లు టేపు పట్టుకుని వచ్చి కొలిచారు. అడవంతా తలమీదే ఉందనీ, భుజాల నుంచి పాదాల దాకా ఖాళీ వృథాగా పడుందనీ అర్జీ పెట్టారు. ఆ పూటే అనుమతి వచ్చింది.

నాటడానికి కొత్త కూలీలని తెచ్చారు. బుట్టలో పామాయిల్ మొక్కలు, చేతిలో చిన్న గునపం, ముందు వరసలో కూతురు.

"ఏంటే చూస్తావ్? మొదటిది భుజం మీద," అన్నాడు మేస్త్రి.

పిల్ల చెయ్యి అందలేదు. మునివేళ్ల మీద లేచింది. అయినా అందలేదు.

పెద్దకోడలు ఒళ్లంతా పటపటమంటుంటే, ఒక పక్కకి ఒరిగి భుజం కిందికి దించింది.