గుర్రపుసాలకు కొత్త సున్నం

యూనివర్సిటీలో గుర్రాలున్నాయంటే తార్నాకలో సగం మంది నమ్మేవారు కాదు. చదువుకునే చోట గుర్రాలకేం పనని నవ్వేవారు. ఉన్నాయి మరి. లైబ్రరీ దాటి, హాస్టళ్ళు దాటి, తారురోడ్డు అయిపోయి మట్టిబాట మొదలయ్యే చోట, ఏ జాగీర్దారు కట్టించాడో ఎవరికీ తెలియని రాతి గుర్రపుసాల ఒకటుంది. దాని ముందు పిల్లలు స్వారీ నేర్చుకునే మైదానం, లోపల ఆరు గుర్రాలు. ఆ ఆరింటి కడుపూ నింపే మనిషి రాములవ్వ.

రాములవ్వ రోజూ పొద్దున్నే బౌద్ధనగర్ నుంచి నడిచి వచ్చేది. కొడవలి పట్టుకుని క్యాంపసంతా తిరిగేది. ఏ మూల ఏ గడ్డి ఎప్పుడు లేతగా ఉంటుందో ఆమెకు తెలిసినట్టు అక్కడి ప్రొఫెసర్లలో ఒక్కరికీ తెలియదు. మోపు కట్టి నెత్తిన పెట్టుకుని మధ్యాహ్నానికి సాలకు చేరేది. ఆమె పెనిమిటి ఎంకన్న అక్కడే సయీసుగా చేసేవాడు. గుర్రాలకు మాలిష్ చేయడం, జీను కట్టడం, వాటికి రోగమొస్తే పక్కనే పడుకోవడం అతని పని. అతను పోయాక, స్వారీ విభాగం చూసుకునే ఆనందరావు సారు జాలిపడి ఈమెకు గడ్డి పని ఇప్పించాడు. పన్నెండేళ్ళయింది.

ఆ ఆరింటిలో ఒకటి షబ్నం. తెల్లటి ఆడగుర్రం, ముసలిది. ఎంకన్న చేతుల మీదే పుట్టింది. పేరు షబ్నమే గానీ రాములవ్వ నోట్లో పడి సబ్నమ్మ అయి కూర్చుంది. ఎవరైనా కొత్తవాళ్ళు "నీకు పిల్లలెంతమందవ్వా?" అని అడిగితే రాములవ్వ నవ్వకుండా జవాబు చెప్పేది.

"ఒక్కతే బిడ్డ. నాలుగు కాళ్ళున్నయ్."

సబ్నమ్మకు పళ్ళు అరిగిపోయాయి. అందుకని మోపులో మెత్తటి గడ్డంతా ఏరి దానికే వేసేది రాములవ్వ. దానికంత ఓపిక ఎక్కడిది! మోపు నేలమీద పడకముందే, ఆమె నెత్తిమీంచే ఒక పట్టు గుంజుకునేది. "ఆగవే దొంగముండా, నెత్తి ఊడబెరుకుతవా ఏంది?" అని తిట్టేది రాములవ్వ. తిడుతూనే దానికి అందేట్టు మెడ వంచేది.

తొంభై నాలుగు వానాకాలంలో సాల పైకప్పు ఒక పక్క కూలింది. గోడలు నాని ఉబ్బాయి. పైనుంచి వచ్చిన కాగితంలో రెండే ముక్కలున్నాయి. బాగుచేయడం కుదరదు, గుర్రాల్ని వేలం వేసి తాళం పెట్టండి.

ఆనందరావుది తెనాలి దగ్గర పల్లె. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ ఆఫీసు తప్ప మరో లోకం లేని మనిషి. జన్మలో గుర్రమెక్కలేదు. గుర్రాన్ని నిమరాలన్నా రెండడుగులు ఇవతలే నిలబడి చెయ్యి మాత్రం చాపేవాడు. పిల్లలు చాటుగా నవ్వుకునేవారు. అలాంటి మనిషిని పట్టుకుని రాములవ్వ ఒకరోజు అడిగింది.

"ఏలమేస్తే చిన్నవాటిని ఎవలన్న కొంటరు సారూ. నా సబ్నమ్మనెవడు కొంటడు? కొన్నోడు ఏం జేస్తడు?"

ముసలి గుర్రాన్ని కొనేవాడు స్వారీకి కొనడని ఇద్దరికీ తెలుసు. ఆనందరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చూద్దాం రాములమ్మా. నేను బతికుండగా దాన్ని బయటికి పంపనివ్వను" అన్నాడు. ఊరికే అనలేదు. ఆ రోజు నుంచి ఫైలు చంకన పెట్టుకుని ఏడాదిపాటు అధికారుల గడప గడపా తొక్కాడు. వాళ్ళు విసుక్కున్నారు, ఈయన విసుక్కోలేదు. చివరికి సరేనన్నారు. సాలను బాగుచేసి చూపించండి, చూశాక గుర్రాల సంగతి ఆలోచిస్తామన్నారు.

ఇక చూడాలి సందడి. కూలిన పెంకులు తీసేసి రేకులు వేశారు. మురుగు పోవడానికి కాలువ తవ్వారు. పగిలిన రాతి తొట్ల స్థానంలో సిమెంటు తొట్లు కట్టారు. మైదానంలో రాళ్ళేరి ఇసుక పోశారు. గోడలకు మూడు పూతల సున్నం వేశారు. ఆరు గదుల మీద ఆరు గుర్రాల పేర్లు నీలం రంగుతో రాయించారు. గడ్డి తెచ్చే పని ఒక్కటే తనదైనా రాములవ్వ ఇసుక మోసింది, ఇటుకలందించింది, సున్నం కలిపింది. ఎవరూ చెయ్యమనలేదు. బిడ్డకు ఇల్లు కడుతుంటే కూర్చుని చూసే తల్లి ఎవరుంటారు?

మిగిలింది మైదానం చుట్టూ కంచె. పచ్చగా ఏదైనా చెట్టు పెంచితే అందంగా ఉంటుందనుకున్నారు. మందారం పెడితే బయటి బస్తీల మేకలు వచ్చి మొదలంటా మేశాయి. కాగితంపూలు పెడితే అవీ మిగల్లేదు. తోటమాలి చంద్రయ్యకు తల తిరిగిపోయింది.

"గన్నేరు పెడ్దాం సార్. మేకలు గాదు, వాటి తాత గూడ ముట్టడు. నీళ్ళు తక్కువ, పూలు ఎక్కువ" అన్నాడు.

ఆనందరావుకు అనుమానమొచ్చింది. "గుర్రాలున్న చోట గన్నేరేంటయ్యా?"

ఎంకన్న తరవాత సయీసైన రాజలింగు తేలిగ్గా నవ్వాడు. "గుర్రానికి నోరుంటది, తెలివుంటది సార్. చేదు ఆకు అది నోట్లె పెట్టది."

నిజమే. పచ్చి గన్నేరాకును ఏ పశువూ ముట్టదు. ఆ మాట ముగ్గురికీ తెలుసు, రాములవ్వకూ తెలుసు. ఎండిపోయిన గన్నేరాకు సంగతి మాత్రం వాళ్ళలో ఎవరికీ తట్టలేదు. నర్సరీ నుంచి ఎదిగిన మొక్కలే తెచ్చి నాటారు. చలికాలం వచ్చేసరికి మైదానం చుట్టూ గులాబీ రంగు పూలు విరగబూశాయి. ఆనందరావు దాన్ని చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

ప్రారంభోత్సవం ఫిబ్రవరిలో పెట్టుకున్నారు. ముందురోజు పొద్దున్నే ఆనందరావు రాములవ్వను పిలిచి, వాకిలంతా ముగ్గులు నువ్వే వెయ్యాలన్నాడు. ఆమె పొంగిపోయింది. సాల ముందంతా కల్లాపి చల్లి, ముగ్గు మీద ముగ్గు వేస్తూ కూర్చుంది. లేచి చూసేసరికి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. గడ్డి కోయలేదు. నడుము పట్టేసింది. చిన్న గుర్రాలైదింటినీ కవాతు అలవాటు చెయ్యడానికి పిల్లలు తీసుకెళ్ళారు. సబ్నమ్మ ఒక్కతే సాలలో ఉండి ఆకలికి కాలు నేలకేసి తంతోంది.

"ఇప్పుడు కొడవలి పట్టుకోని ఏడికి పోతవక్కా?" అన్నాడు చంద్రయ్య. "మొన్న మైదానం పొంటి గడ్డి గీకి కుప్ప బోసిన. మంచిగెండింది. తీస్కపో, నీ నడుమన్న బతుకుతది."

పన్నెండేళ్ళలో తను కోయని గడ్డి రాములవ్వ ఏ గుర్రానికీ పెట్టలేదు. ఆ ఒక్కరోజే పెట్టింది. కుప్ప కమ్మగా వాసనొచ్చింది, చేతికి మెత్తగా తగిలింది. గడ్డి గీకిన రోజే చంద్రయ్య కంచె కూడా సమంగా కత్తిరించాడనీ, ఆ సన్నటి పొడుగాటి ఆకులు గడ్డితోపాటే ఎండి గడ్డిలో కలిసిపోయాయనీ ఆమెకెలా తెలుస్తుంది? మోపు కట్టుకుని వెళ్ళింది. సబ్నమ్మ ఎప్పట్లాగే ఆమె నెత్తిమీంచి మొదటి పట్టు గుంజుకుంది.

సాయంత్రానికి గుర్రానికి చెమటలు పట్టాయి. పడుకుంది, లేచింది, పొట్టవైపు తిరిగి తిరిగి చూసుకుంది. రాజలింగు కడుపునొప్పి అనుకుని నడిపించాడు. మిగతా గుర్రాల తొట్లలో ఎందుకైనా మంచిదని మేత వెయ్యనివ్వలేదు. రామంతాపూర్‌లో ఉండే పశువుల డాక్టరుకు కబురు పంపారు. ఆ తరవాత ఆ ముసలి జీవం ఎంత బాధ పడిందో నేను చెప్పను. తెల్లవారి డాక్టరు స్కూటరు వచ్చేసరికి దాని తల రాములవ్వ ఒళ్ళో ఉంది, ప్రాణం లేదు.

డాక్టరు తొట్లో మిగిలిన గడ్డిని వేళ్ళతో కెలికాడు. ఎండిన ఆకు ఒకటి తీసి, మధ్య ఈనె మీద గోరు పెట్టి చూశాడు.

"గన్నేరు. ఎవరు పెట్టారిది?"

"గుర్రం ముట్టది గద సార్!" అన్నాడు రాజలింగు.

"పచ్చిదైతే ముట్టదు. ఎండితే ఆ చేదు దానికి తెలీదయ్యా. విషం మాత్రం ఎక్కడికీ పోదు."

"నేనే పెట్టిన" అంది రాములవ్వ.

చంద్రయ్య నెత్తి పట్టుకుని కూలబడ్డాడు. ఆనందరావు మొదటిసారి, రెండడుగుల దూరం మరిచిపోయి, గుర్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని దాని మెడ మీద చెయ్యేశాడు. "కంచె పెట్టించింది నేను రాములమ్మా. ఈ పాపం నాది" అన్నాడు.

"తిట్టుండ్రి సారూ. ఒక్క మాటన్న తిట్టుండ్రి."

ఆయన తిట్టలేకపోయాడు. ఆమెకు కావలసింది అదొక్కటే, అది ఎవరూ ఇవ్వలేదు. ఆయనే లేచి అందరికీ చెప్పాడు. పదకొండు గంటలకు పెద్దలొస్తారు. కొత్త సాలలో మొదటిరోజే గుర్రం చచ్చిందని తెలిస్తే మిగిలిన అయిదూ వేలానికే పోతాయి. అందరూ వెళ్ళేదాకా ఎవరూ నోరు విప్పొద్దు. ట్రాక్టరుకు తాళ్ళు కట్టి సబ్నమ్మను సాల వెనక్కి లాగి, టార్పాలిన్ కప్పారు. గుంట మధ్యాహ్నం తవ్వుదామన్నారు.

పదకొండుకు పెద్దలొచ్చారు. రిబ్బను కత్తిరించారు. తెల్లటి గోడలు చూసి బాగుందన్నారు, ముగ్గులు చూసి ఇంకా బాగున్నాయన్నారు. ఆరో గది ఖాళీగా ఉందేమని ఒకాయన అడిగితే, "ఒంట్లో బాగోలేదండి" అన్నాడు ఆనందరావు. అయిదు గుర్రాల మీద పిల్లలు చక్కగా స్వారీ చేసి చూపించారు. వచ్చినవాళ్ళలో పెద్దాయన మెచ్చుకుని, ఈ సాల మూతపడదు, గుర్రాలిక్కడే ఉంటాయని మైకులో ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. ఏడాది పాటు ఆనందరావు పడ్డ కష్టం ఫలించింది. ఆయన ముఖంలో మాత్రం నెత్తురుచుక్క లేదు.

అప్పుడు స్వారీ నేర్చుకునే అమల అనే అమ్మాయి మైకు అందుకుంది.

"పన్నెండేళ్ళుగా మన గుర్రాల్ని సొంత బిడ్డల్లా మేపుతున్న రాములవ్వగారిని సత్కరించుకుందాం."

నాలుగు రోజుల కింద ఆనందరావు తనే రాయించి ఇచ్చిన జాబితా అది. అందులోంచి ఆ పేరు తీసేయమని చెప్పడం ఆయనకు గుర్తుకు రాలేదు. కుర్చీలోంచి సగం లేచాడు. అప్పటికే వెనకున్నవాళ్ళు రాములవ్వను ముందుకు నెట్టారు. పెద్దాయన ఆమె చేతుల్లో చీర పెట్టాడు. ఆకుపచ్చ చీర, ఎర్రంచు. ఫొటో తీశారు. అందరికంటే గట్టిగా పిల్లలు చప్పట్లు కొట్టారు.

రాములవ్వ వరుసలోకి తిరిగి రాలేదు. చీర గుండెకు అదుముకుని సాల వెనక్కి నడిచింది. రాజలింగుకు భయం వేసి వెంట పడ్డాడు. అతను వెళ్ళేసరికి ఆమె టార్పాలిన్ పక్కకు లాగి, కొత్త చీర మడతలు విప్పుతోంది.

"ఏం జేస్తున్నవ్ వదినె? నీకిచ్చిన చీర గద అది!"

"ఆడిబిడ్డ సస్తే తల్లిగారి చీర కప్పకుంట మట్టిల పెడ్తరా రాజలింగు?" అంది ఆమె. "దీనికి తల్లిగారింటోళ్ళు ఎవలున్నరు? నేనే గద. సంపినదాన్ని గూడ నేనే."

ఆమె చీర రెండు చేతులతో దులిపి, మెడ మీంచి పరిచి, పొట్ట మీదికి లాగింది. ముడతలు సర్దింది. అవతల మైకులో వందన సమర్పణ సాగుతోంది. చీర తుంటి దాకా వచ్చి ఆగిపోయింది. వెనక కాళ్ళు బయటే ఉన్నాయి. ఆమె ఇటువైపు నుంచి లాగింది, చుట్టూ తిరిగి అటువైపు నుంచి లాగింది. కాళ్ళు కప్పితే మెడ బయటపడుతోంది, మెడ కప్పితే కాళ్ళు బయటపడుతున్నాయి.

"సాల్తలేదు రాజలింగు" అంది.

పొద్దుటి నుంచి కంట చుక్క రాని రాములవ్వ, బిడ్డకు చీర చాలలేదని ఏడ్చింది.