ఆ మాట అన్నావా

మే ఇరవై, మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంటా నలభై నిమిషాలకు దశరథరామయ్య ఆరో గడిలో, ఒప్పుకోదగినది కాదు, అని రాశాడు, రాసి పెన్ను మూత పెట్టాడు, ఆ చప్పుడు కుడిచెవికి మాత్రమే వినిపించింది, ఎడమచెవిలో తుమ్మెద తిరుగుతోంది, అది ఇరవై ఏళ్ళుగా తిరుగుతూనే ఉంది, ఫిరంగి పక్కన నిలబడిన వాళ్ళందరికీ ఏదో ఒక చెవిలో తిరుగుతుంది, ఎవరూ చెప్పుకోరు, తోటలో కోత సాగుతోంది, చిన్నరసాలు, చిక్కం కట్టిన గెడ కొమ్మల్లోకి పోతుంది, ఒక మెలిక, కాయ చిక్కంలో పడుతుంది, గెడ కిందికి వస్తుంది, కాయని బోర్లించి సొన కార్చి గడ్డి మీద పెడతారు, మళ్ళీ గెడ పైకి పోతుంది, ఆగిరిపల్లి పక్కన ఈ ఆరెకరాల తోటలో పదేళ్ళుగా ప్రతి మేలోనూ ఈ చెట్టు కింద ఇదే నులకమంచం మీద కూర్చుని చూస్తున్నాడు, అంతకు ముందు ఇరవై ఎనిమిదేళ్ళు సైన్యంలో, సుబేదారుగా దిగాడు, ఈ ఏడు మాత్రం మోకాళ్ళ మీద ఫైలు ఉంది.

రికార్డు ఆఫీసు వాళ్ళు పంపిన ఉత్తరం ఒక పేజీ, మాజీ సిపాయి యలమంద పెట్టుకున్న అర్జీని పరిశీలించండి, ఆ రోజు ఫోను అందుకున్నదీ విచారణలో అతని తెలుగును హిందీలోకి చెప్పిందీ మీరే కాబట్టి అతని వాదన ఒప్పుకోదగినదో కాదో ఆరో గడిలో రాయండి, ముప్పయ్యో తేదీ లోపల అందాలి, అంతే, అర్జీ నాలుగు పేజీలు, నూజివీడులో ఎవరో లాయరు ఇంగ్లీషులో రాశాడు, దుష్ప్రవర్తన వల్ల తొలగింపు అన్న మాట తీసేసి మామూలు విడుదల అని మార్చమని అడుగుతున్నాడు, పింఛను అడగలేదు, మాట మారితే మాజీ సైనికుడి కార్డు వస్తుంది, కార్డుంటే కూతురు జ్యోతికి సైనికుల పిల్లల వాటాలో ఇంజనీరింగు సీటు వస్తుంది, జూన్‌లో కౌన్సెలింగు, ఆ పిల్లకి పదిహేడేళ్ళు, అప్పుడు మూడేళ్ళు, అప్పుడు అంటే రెండువేల పదకొండు ఏప్రిల్, ఎడారిలో ఫైరింగ్ రేంజి, సిగ్నల్ గుడారంలో ఫోను, తను మూడు రోజులుగా ఫిరంగుల దగ్గరే ఉండి అప్పుడే వచ్చి కూర్చున్నాడు, నోట్లో ఇసుక, ఫోను మోగింది, కుడిచేత్తో రిజిస్టరు రాయాలి కాబట్టి ఎడమచేత్తో రిసీవరు ఎత్తాడు, ఎడమచేత్తో ఎత్తితే ఎడమచెవికే ఆనుతుంది, సాబ్ నేను యలమందని, విస్సన్నపేట నుంచండి, ఇంట్లో అమ్మ, ఆ తర్వాత తుమ్మెద, తుమ్మెదలోంచి ఒక మాట, కదలటానికి లేదండి పది రోజులు, అయ్యో అలాగే నాయనా నువ్వు ఉండు నేను సీవోగారికి చెప్తాను, అని రిజిస్టరులో ఒక వాక్యం రాశాడు, సిపాయి యలమంద తల్లి మరణించారు, పది రోజులు సెలవు పొడిగింపు.

మన ప్రాంతం కుర్రాడని తను ఆ రోజు మెస్సులో భోంచెయ్యలేదు, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, పన్నెండో రోజున విస్సన్నపేట పోలీసుల దగ్గర నుంచి జవాబు వచ్చింది, తల్లి అచ్చమ్మ బతికే ఉన్నది, మామిడి యార్డులో కాయ ఏరుతున్నది, చావు లాంటి అబద్ధం ఆడి సెలవు తీసుకున్నవాడిని సీవో, అంటే కమాండింగ్ ఆఫీసరు, వదల్లేదు, బల్ల అవతల సీవో, ఇవతల టోపీ తీసేసి యలమంద, యలమందకు కుడిపక్కన తను, అంటే వాడు తన ఎడమవైపున, అడిగి చెప్పండి సాబ్ అన్నాడు సీవో, బతికున్న తల్లిని పట్టుకుని ఆమె కొడుకు ముఖం మీద, మీ అమ్మ చచ్చిపోయిందని చెప్పావా, అని ఎట్లా అడగడం, నోరు రాలేదు, మన ఇళ్ళల్లో అట్లాంటిది పైకి అనరు, అందుకని, ఆ మాట అన్నావా, అని అడిగాడు, యలమంద తల వంచుకుని, అన్నానండి, అన్నాడు, ఇంకేమన్నా చెప్పుకుంటావా, లేదండి, అది పేరెత్తి చెప్పేది కాదు కదండి, అన్నాడు, వాడికి కూడా సిగ్గుగా ఉందనుకున్నాడు, ఒప్పుకున్నాడు సాబ్ అని హిందీలో చెప్పాడు, మొత్తం ఏడు నిమిషాలు.

ఇదే విస్సన్నపేట యార్డులో మూడేళ్ళ కిందట అచ్చమ్మ ఎదురైంది, తలమీద చుట్టకుదురు, చేతులనిండా సొన కాలిన మచ్చలు, అక్కడ అందరూ ఆమెని చచ్చి బతికిన అచ్చమ్మ అనే పిలుస్తారు, పది మందిలో ఆపి అడిగింది, సుబేదారుగారూ, నేను పోయిన రోజు ఏ వారమండీ, తిథి కూడా చెప్తే నా తద్దినం నేనే పెట్టుకుంటాను, అందరూ నవ్వారు, తనూ నవ్వాడు, నీ కొడుకునే అడుగు అచ్చమ్మా వాడే కదా చెప్పింది, అన్నాడు, వాడు చెప్పింది మీకు అందలా, అంది ఆమె, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది, అందలా అంటే ఏమిటి, ఆ రోజంతా ఆ మాట చొక్కాలో గడ్డిపరకలాగా గుచ్చుకుంది, తర్వాత పోయింది.

రెండో పేజీ చివర ఒక వాక్యం ఉంది, అది చదివి ఇందాక ఆగాడు, మదర్ పోర్డ్ ఇన్ ది హౌస్ అని నేను చెప్పితిని, పోర్డ్ అంటే పోయడం, నీళ్ళు పోయడం, పాలు పోయడం, తల్లి ఇంట్లో పోయడం ఏమిటి, టైపు చేసినవాడు తప్పు కొట్టాడు, పాస్డ్ అని ఉండాలి, అనుకుని పెన్సిలుతో దాని మీద పాస్డ్ అని దిద్దాడు, దిద్దాక అంతా సరిపోయింది, అంటే వీడు ఇప్పుడు కూడా ఒప్పుకుంటున్నాడు, మరి అర్జీ దేనికి, మిగతా పేజీల నిండా సెక్షన్ల నంబర్లే, ఎండ ఆకుల్లోంచి ఫైలు మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది, గాలి కదిలితే చుక్కలు కదులుతున్నాయి, కన్ను మూతపడుతోంది, పోర్డ్, అమ్మ పోసింది, చల్ల పోసింది, నెత్తిన నీళ్ళు పోసింది, చిన్నప్పుడు పెరట్లో పీట మీద కూర్చోబెట్టి అమ్మ నీళ్ళు పోస్తోంది, నీళ్ళు పచ్చగా ఉన్నాయి, పసుపు, నీళ్ళల్లో వేపాకు తేలుతోంది, ఇవి మూడో నీళ్ళురా నాన్నా, ఇంక లేచి తిరగొచ్చు, అంటోంది అమ్మ, తనకు ఆరేళ్ళు, అన్ని రోజులూ వేపాకుల మీద పడుకున్నాడు, గుమ్మానికి వేపమండ కట్టారు, ఎవరూ గడప దాటలేదు, నాన్న ఊరికి పోలేదు, కూరలో తాలింపు లేదు, డాక్టరు ఊసు లేదు, చేతుల మీద చిన్న చిన్న కాయలు, కాయలు, చిక్కంలోకి కాయ పడుతోంది, మెలిక, మళ్ళీ కాయ, వీధిలో ఎవరో అడుగుతున్నారు ఏంటమ్మా పిల్లాడు కనపడటం లేదు, అమ్మ గొంతు తగ్గించి ఏదో చెబుతోంది, రెండే రెండు మాటలు, ఆ రెండు మాటలు నీళ్ళ చప్పుడులో కలిసిపోతున్నాయి.

సుబేదారుగారూ, సుబేదారుగారూ, అని ఎవరో పిలుస్తున్నారు, కళ్ళు తెరిస్తే ముఠా మేస్త్రి సవరమ్మ, మంచానికి ఎడమవైపున నిలబడి ఉంది, రేపు రాములు రాడండి, గెడకి ఇంకో మనిషిని చూసుకోవాలి, వాళ్ళింట్లో అమ్మ పోయిందంట, అంది, అయ్యో ఎప్పుడు, పొద్దున్న కూడా ఎవరూ చెప్పలేదే, అయితే పదో రోజు దాకా రాడు, దహనానికి ఏమన్నా కావాలేమో కనుక్కోలేకపోయావా, అన్నాడు దశరథరామయ్య, సవరమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది, దహనమేంటండీ బాబూ, రాములు వాళ్ళమ్మ పోయి పదేళ్ళు కాలా, పాడె మీద మీరే కదండీ బట్ట కప్పారు, పోయిందన్లేదండి, చంటిదానికి, ఒళ్ళంతా, అని చేతి మీద వేళ్ళతో చుక్కలు పెట్టి చూపించింది, మళ్ళీ అను, అన్నాడు, ఏంటండీ, ఇందాక అన్నదే మళ్ళీ అను, అమ్మ పోసిందండి, అంది, అతను లేచి నిలబడ్డాడు, ఫైలు గడ్డి మీద పడింది, ఇటు వచ్చి అను, అని కుడివైపుకి రమ్మన్నాడు, ఆమె మంచం చుట్టూ తిరిగి వచ్చింది, అమ్మ పోసింది, అందులో సి అక్షరం కుడిచెవిలో సన్నగా ఈల వేసి వెళ్ళింది, మళ్ళీ అటెళ్ళి అను, సవరమ్మ కోతవాళ్ళ వైపు చూసింది, వాళ్ళు గెడలు ఆపి చూస్తున్నారు, ఎండ దెబ్బ తగిలినట్టుంది, మజ్జిగ పట్రండే, అని అటు కేకేసి, మళ్ళీ ఎడమవైపుకి వెళ్ళి అదే మాట అంది, ఆ చెవిలో ఈల లేదు, తుమ్మెద ఉంది, అమ్మ పోయింది, అని వినిపించింది.

ఆ మాట అన్నావా, అన్నానండి, ఏ మాట, తను ఆ మాటని నోటితో పలికి ఉంటే వాడు తల ఎత్తేవాడు, లేదండి నేనలా అనలేదు అనేవాడు, తను శుభం కాదని పలకలేదు, వాడు అమ్మవారికి కోపం వస్తుందని పేరెత్తలేదు, ఇద్దరూ చెరో మాటని నోట్లోనే ఉంచుకుని ఒకే మాట గురించి మాట్లాడుకుంటున్నామనుకున్నారు, పది రోజులు కదలడానికి లేదన్నది మైల కాదు, మూడు నీళ్ళు పోసేదాకా ఎవరూ గడప దాటకూడదు కాబట్టి, డాక్టరు దగ్గరికి పోరు కాబట్టి సర్టిఫికెట్టూ లేదు, ఉందా అని ఎవరడిగారు, ఎవరూ అడగలేదు, మూడో పేజీలో లాయరు నంబరు కింద యలమంద నంబరు ఉంది, సవరమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడింది, దశరథరామయ్య సెల్లు కుడిచెవికి పెట్టుకున్నాడు, నాలుగుసార్లు మోగింది, ఎవరండీ, యలమందా, నేను దశరథరామయ్యని, ఆగిరిపల్లి, అవతల యార్డు చప్పుడు, లారీ వెనక్కి తీస్తున్నారు, ఎవరో రానీ రానీ అంటున్నారు, చెప్పండి సాబ్, అన్నాడు యలమంద, పద్నాలుగేళ్ళ తర్వాత కూడా సాబ్ అనే అన్నాడు, ఏం అడగాలో తెలియక, అమ్మ ఎట్లా ఉంది, అన్నాడు, ఏ అమ్మండీ, అన్నాడు యలమంద.

లారీ ఆగింది, ఆ రోజు ఫోన్లో ఏమన్నావు, ఇప్పుడు అడుగుతున్నారాండీ, ఇప్పుడే అడుగుతున్నాను, చెప్పు, ఇంట్లో అమ్మ పోసింది సాబ్, అంతే చెప్పాను, పోసింది పిల్లకి, మీరు అయ్యో నాయనా అన్నారు, మనవాడు కాబట్టి అర్థమైందనుకున్నాను, విచారణలో ఆ మాట అన్నావా అని అడిగితే అన్నాననే చెప్పాను, ఆలస్యం చేసినందుకు శిక్ష వేస్తున్నారనుకున్నాను, ఇంటికొచ్చాక మాస్టారి చేత ఆ కాగితం చదివించుకుంటే మా అమ్మని చంపావని ఉంది, మరి వచ్చి నన్ను అడగలేదేం, అన్నాడు దశరథరామయ్య, మీరు కావాలని రాశారనుకున్నానండి, మా నాన్న మీ తోటలో గెడ విరగ్గొట్టినందుకు మీ నాన్నగారితో గొడవైంది కదండీ, అది మనసులో పెట్టుకున్నారనుకున్నాను, అన్నాడు, ఏ గెడ, ఏ గొడవ, అట్లాంటిది ఒకటి జరిగినట్టే తనకు తెలియదు, పిల్ల ఇప్పుడెట్లా ఉంది, బాగానే ఉందండి, నుదుటి మీద రెండు మచ్చలున్నాయి, లెక్కల్లో మంచి మార్కులొచ్చినాయి, సీటు సంగతి మీరు రాసేదాన్ని బట్టేనంట కదండీ, అన్నాడు.

తనకు తెలుసు, అది ఉంది, చెవి సంగతి తనకు తెలుసు, రెండువేల తొమ్మిది నుంచీ తెలుసు, ఏటా వైద్య పరీక్షలో డాక్టరు ఆరు మీటర్ల దూరాన నిలబడి గుసగుసగా అంకెలు చెబుతాడు, ఒక చెవి మూసుకుని ఇంకో చెవితో విని తిరిగి చెప్పాలి, ఎడమచెవి వంతు వచ్చినప్పుడు తను కుడిచెవిని మూసినట్టు చేసి వేలు కాస్త వదులుగా పెట్టేవాడు, నలభై ఏడు, నలభై ఏడు, ఎనభై రెండు, ఎనభై రెండు, పాసు, లేకపోతే కేటగిరీ తగ్గించేవాళ్ళు, సుబేదారు పదోన్నతి వచ్చేది కాదు, ఇది ఆరో గడిలో రాస్తే రికార్డు ఆఫీసులో చదువుతారు, పంద్రాగస్టుకి స్కూల్లో జెండా ఎగరెయ్యమని పిలిచే వాళ్ళకీ ఒకనాటికి తెలుస్తుంది, రాయకుండా, పొరపాటున విన్నాను, అని మాత్రం రాస్తే, ఫోను లైను బాగాలేదు, అని రాస్తే, అట్లాగూ యలమందకి సరిపోతుందేమో, సరిపోదు, విచారణ గదిలో ఫోను లేదు, వాడు పక్కనే నిలబడి ఒప్పుకున్నాడని రికార్డులో ఉంది, ఎవరి చెవో రాయకపోతే వాడి నోటి మీదే ఉంటుంది, గెడ పైకి పోతోంది, మెలిక, కాయ చిక్కంలో పడింది, ఆ చప్పుడు కుడిచెవికి వినిపించింది.

సవరమ్మ ఫైలు దులిపి మంచం మీద పెట్టింది, మీకు బాగానే ఉందాండీ, బాగానే ఉంది, రాములుకి చెప్పు, మూడు నీళ్ళు పోసేదాకా రావద్దని, అన్నాడు, రెండో పేజీ తీసి పాస్డ్ అన్న పెన్సిలు మాటని రబ్బరుతో చెరిపాడు, పోర్డ్ మిగిలింది, ఆరో గడిలో తను రాసిన వాక్యాన్ని ఒక గీతతో కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, కింద రాశాడు, యలమంద అన్న మాట పోసింది, అంటే ఇంట్లో పిల్లకు ఆటలమ్మ, నేను రాసిన మాట పోయింది, విచారణలో ఆ మాటేమిటో నేను పైకి పలికి అడగలేదు, ఫోనులో అతని మాట నా ఎడమచెవికి పడింది, ఆ చెవి అప్పటికి రెండేళ్ళుగా వినదు, ఆ సంగతి నాకు తెలుసు, నేను ఎవరికీ చెప్పలేదు.

అదే రోజు సాయంత్రం మూడు గంటల యాభై నిమిషాలకు ఆగిరిపల్లి పోస్టాఫీసులో కవరు రిజిస్టరు అయింది, పంపినవారి గడిలో సుబేదారు అన్న మాట లేదు, దశరథరామయ్య అని మాత్రం ఉంది.