బొమ్మ వస్తోందిగా

పంపులు, వాల్వులు గీసే ఆ డిజైన్ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి అన్నింటికంటే పాత మెషిన్‌ని అంటగట్టడం రివాజు. అలా కిటికీ పక్కనున్న యూనిక్స్ వర్క్‌స్టేషన్ అనే పాతకాలపు కంప్యూటర్ మరదలి పాలబడింది. సిస్టమ్స్ చూసే పెద్దమనిషికి భార్య చెల్లెలు కాబట్టి ఆఫీసంతా ఆమెను మరదలనే అనేవారు. ఉద్యోగం ఇప్పించింది ఆ బావే. ఆ సంగతి పూటకోసారైనా ఎవరో ఒకరి చెవిన వేయకపోతే ఆయనకు తిన్నది అరిగేది కాదు.

మొదట్లో ఆమె పని చకచకా సాగింది. అంతలో బావ, మేనేజర్ బుర్ర తినేసి మరీ ఒప్పించి, అన్ని మెషిన్లకీ ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ ఎక్కించాడు. ఆమె ముసలి మెషిన్‌లో తెరమీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుని ఆ వెర్షన్ గుర్తుపట్టలేదు. కార్డు గీయాల్సిన గీతలన్నీ ప్రాసెసర్ నెత్తిన పడ్డాయి. అదేమో అసలే నీరసం సరుకు. తెర నల్లబడి ఊరుకున్నా ఆ రోజే గుట్టు తేలిపోయేది. కానీ బొమ్మ వచ్చేది. ఒక్క తప్పూ లేకుండా, ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ వచ్చేది. దాంతో మెషిన్ నత్తనడక కాస్తా మనిషి ఖాతాలో పడింది.

"నత్తమ్మగారూ, తెల్లారిందా?" అనేవాడు మేనేజర్. అందరూ పగలబడి నవ్వేవారు. నవ్వడానికి వాళ్లకేం, కొత్త మెషిన్లు కదా. ఆమె తిండి మానేసి కూర్చున్నా పని తెమిలేది కాదు.

చివరికి మేనేజర్ తెగేసి చెప్పాడు. శుక్రవారం కొనేవాళ్లు వస్తున్నారు, వాళ్లముందు పంపు బొమ్మని తెరమీద తిప్పి చూపించాలి. సజావుగా తిప్పితే ఉద్యోగం పర్మనెంట్, లేదంటే ఇంటికే. పర్మనెంట్ అయితే అక్క ఇంటి ముందుగదిలోంచి బయటపడి సొంతంగా ఒక గది తీసుకోవాలని ఆమె ఆశ. తలుపుకి లోపల గడియ ఉన్న గది. అంతకుమించి ఏమీ కోరుకోలేదు పిచ్చిది.

"బావా, నువ్వు కొత్త వెర్షన్ ఎక్కించాకే ఇది ఇలా అయింది. ఒక్కసారి చూడవా?"

బావ కూర్చుని ఏదో కమాండ్ కొట్టాడు. కార్డు పనిచేయడం లేదని, గీసేదంతా ప్రాసెసరేనని తెరమీద స్పష్టంగా పడింది. చదివాడు. అర్థమైంది కూడా. పాత వెర్షన్ మళ్లీ ఎక్కిస్తే గంటలో బాగుపడేది. కానీ ఆ సంగతి ఆమె నోటివెంట బయటపడితే మేనేజర్, "ఎక్కించేముందు చూసుకోవద్దటయ్యా?" అని అడుగుతాడు. బావ కిటికీ మూసినట్టు ఆ విండో మూసేశాడు.

"మెషిన్‌కేం రోగం? బొమ్మ వస్తోందిగా! చేతకానివాళ్లే మెషిన్‌ని ఆడిపోసుకుంటారు."

ఆమె నమ్మింది. బావ మాట కాదనడానికి ఆమెకేం తెలుసని.

శుక్రవారం ఆమె మౌస్ కదిపింది. పంపు కదల్లేదు. కదలిక మెషిన్‌కి అందలేదనుకుని మళ్లీ కదిపింది, మళ్లీ. ఆ కదలికలన్నీ పోగుపడి ఒక్కసారిగా తగలడంతో పంపు గిర్రున తలకిందులైంది. వచ్చినవాళ్లు కిసుక్కున నవ్వారు. ఆమె కంగారులో ఇంకా ఇంకా కదుపుతూనే ఉంది. మేనేజర్ ఆమె చేతిలోంచి మౌస్ లాక్కున్నాడు.

"లేమ్మా, లే. ఇక చాలు."

ఆమె సంచీ సర్దుకుని వెళ్లగానే, అందరూ భోజనాలకు లేచిన వేళ, బావ ఆ మెషిన్‌లో చప్పుడు చేయకుండా పాత వెర్షన్ ఎక్కించేశాడు. తర్వాత పక్కగది డ్రాఫ్ట్స్‌మన్‌ని అక్కడ కూర్చోబెడితే పంపు బొంగరంలా తిరిగింది.

"చూశావా, మనిషి మారితే ఎంత తేడానో!" అన్నాడు మేనేజర్.

"అదే కదా సార్ నేననేది" అన్నాడు బావ. సిగ్గులేనివాడికి నోరు తడబడదు.

సాయంత్రం అక్క చెల్లెల్ని కడిగిపారేసింది. "ఆయన మొహం చూసి ఇచ్చిన ఉద్యోగమే అది! రేపు ఆయన ఆఫీసులో తలెత్తుకు తిరగొద్దా?"

బావ భోజనం చేస్తున్నాడు. ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది.

"నీ పరువు తీశాను బావా. నా చేతులే మొద్దు. ఇక ఆ పని జోలికి పోను. తప్పయిపోయింది."

బావ మారు వడ్డించుకున్నాడు.

"పోన్లే, నేనేం మనసులో పెట్టుకోనులే" అన్నాడు.