ఫుట్‌బోర్డు లేని పెద్ద కారు

ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఎర్రిస్వామి బెంగళూరు నుంచి కొత్త మోడల్ పెద్ద కారు తెచ్చాడన్న కబురు పెనుకొండ బస్టాండుకు చేరేసరికి సుంకప్ప ఆకూ వక్కా నములుతున్నాడు. కబురు తెచ్చిన మనిషి మాట ముగించేలోపే నోట్లోది కాస్తా ఉమ్మేశాడు. కారుకు తలుపుల కింద కాలు మోపే ఫుట్‌బోర్డు లేదట. కంపెనీ వాళ్ళు తీసేశారట.

తలుపులు తీసేశారన్నా సుంకప్పకు అంత కోపం వచ్చేది కాదు. ఆయన దగ్గర ఉన్నది అదే కంపెనీ పాత మోడలు. నల్లగా, ఎత్తుగా, అవ్వతో సహా ఇంటిల్లిపాదీ ఎక్కి కోళ్ళగంప పెట్టుకున్నా ఇంకొకరికి చోటు మిగిలే బండి. పెనుకొండలో బాడుగకు తిరిగే పెద్ద కారు అదొక్కటే. చుట్టుపక్కల ఆడపిల్ల పెళ్ళంటే పురోహితుడి కంటే ముందు సుంకప్పను కలిసేవాళ్ళు. ఆయన బండి ఖాళీ లేని రోజున ముహూర్తం బాగాలేదని పురోహితుడి చేతే చెప్పించుకున్న ఘనులు కూడా ఉన్నారు.

అంత గిరాకీకి కారణం ఆ ఫుట్‌బోర్డే. వెనకటికి పెళ్ళికూతురు ఎద్దులబండిలో అత్తగారింటికి పోతుంటే తోడబుట్టినవాడు కాడి పట్టుకుని పక్కనే నడిచేవాడు. కార్లొచ్చాక నడిచి అందుకోవడం ఎవరి తరమూ కాదు కనుక తలుపు పక్కన ఫుట్‌బోర్డు మీద నిలబడటం మొదలైంది. కొత్త పంచె కట్టుకుని, ఒక చేత్తో కిటికీ పట్టుకుని, ఊరంతా చూస్తుండగా పొలిమేర దాకా పోయి, అక్కడ దిగి, ఒడిబియ్యం మూట చెల్లెలి ఒళ్ళో పెట్టి వెనక్కి వస్తాడు. అలా పంపకపోతే పుట్టింటి దిక్కు లేనిదాన్ని పంపినట్టే లెక్క. నిన్నమొన్నటి ఆచారమే, కానీ సుంకప్ప చెబుతుంటే కృష్ణదేవరాయలు పెనుకొండ కోటలో కూర్చుని పెట్టిపోయాడేమో అనిపించేది.

ఆ ఆదివారం సుంకప్ప బండి నేరుగా హిందూపురంలో జిలాన్ మెకానిక్ షెడ్డు ముందు ఆగింది. కారు పిచ్చి ఉన్నవాళ్ళంతా వారానికోసారి అక్కడ చేరతారు. జిలాన్ ఇంజను మీద చెయ్యి పెట్టి రోగం చెప్పగలడు. నూనె మిల్లు ఆదెప్ప రోడ్డు మీద హారన్ వినిపిస్తే తల తిప్పకుండా అది ఏ బండో, ఎవరు తోలుతున్నారో, వాడికి పొద్దున పెళ్ళాంతో గొడవైందో లేదో కూడా చెప్పేవాడు. సొంత పిల్లల సంబంధాల గురించి కూడా వీళ్ళు కార్ల గురించి మాట్లాడినంత లోతుగా మాట్లాడుకోరు. ఫుట్‌బోర్డు సంగతి వినగానే ముగ్గురికీ ఒంటికి కారం రాసుకున్నట్టయింది. కళ్ళారా చూడకుండా తిట్టడం న్యాయం కాదని జిలాన్ అన్నాడు. చూసి తిడదామని ముగ్గురూ సుంకప్ప బండిలోనే బయలుదేరారు. సోమందేపల్లిలో టీ తాగడానికి ఆగినప్పుడు చూడకుండానే సగం తిట్టేశారు.

ధర్మవరంలో ఎర్రిస్వామి ఇంటి ముందు మీగడ రంగు బండి తళతళలాడుతూ నిలబడి ఉంది. చుట్టుపక్కల ఇళ్ళలో మగ్గాల చప్పుడు ఆగిపోయి వీధి వీధంతా బయటికొచ్చింది. వచ్చినవాళ్ళు తన బండిని మెచ్చుకోవడానికే వచ్చారనుకుని ఎర్రిస్వామి కుర్చీలు వేయించాడు. ఎవరూ కూర్చోలేదు. దూడను బేరమాడేవాళ్ళలా బండి చుట్టూ తిరిగారు.

మొదట ఆదెప్ప అందుకున్నాడు. పాత బండికి దీపాలు మడ్గార్డుల మీద ఠీవిగా నిలబడి ఉండేవి, దీనికి బుగ్గల్లోకి పోయాయి, నెల్లాళ్ళు జ్వరం పడి లేచినవాడి కళ్ళలా ఉన్నాయన్నాడు. జిలాన్‌కు బానెట్టు నచ్చలేదు. పాతదానికి రెండు పక్కలా రెక్కలు ఎత్తితే ఇంజను మొత్తం చేతికి అందేది, దీనికి ముందు నుంచి ఒకటే మూత, బావిలోకి వంగినట్టు వంగాలి, ఈ మోడలు గీసిన మహానుభావుడికి ఎప్పుడూ నడుం నొప్పి రాలేదేమోనన్నాడు. గాలికి తెరుచుకునే ముందద్దాన్ని బిగించేశారు. గేరు కడ్డీని కింది నుంచి పీకి స్టీరింగు కాండానికి తగిలించారు. సుంకప్ప తలపాగాతో లోపలికి వంగితే తలపాగా బయటే ఉండిపోయింది. వీధి గొల్లుమంది.

అంతవరకూ నవ్వులాటే. తలపాగా తీసుకుని దుమ్ము దులిపి, సుంకప్ప తలుపు కింద ఫుట్‌బోర్డు ఉండాల్సిన చోట నునుపుగా, బోడిగా ఉన్న రేకును చూశాడు. అక్కడ అరికాలు ఆనించబోయాడు. జారింది. ఆయన మొహం ఎర్రబడింది.

"ఎర్రిస్వామీ, పిల్లను సాగనంపేటప్పుడు తోడబుట్టినోడు యాడ నిలబడల్ల దీని మీద? టాపు మీద ఎక్కల్నా? ఆడబిడ్డను ఈ డబ్బాలో సాగనంపే తండ్రి తండ్రే కాదు. నేనైతే నా బిడ్డను ఎద్దులబండ్లో అయినా పంపుతా గానీ దీంట్లో పంపను."

నాలుగు దినాలు పోతే అలవాటైపోతుందిలే అన్నాడు ఎర్రిస్వామి, మెత్తగా. మండుతున్న పొయ్యిలో నెయ్యి పోసినట్టయింది. ఆ సాయంత్రం నుంచి సుంకప్ప తన ఎద్దులబండి మాటను ధర్మవరం వీధిలో వదిలెయ్యకుండా వెంట పెట్టుకుని తిరిగాడు. బస్టాండులో చెప్పాడు, పెట్రోలు బంకులో చెప్పాడు, సంతలో చెప్పాడు. బాడుగకు ఎక్కినవాళ్ళు దిగేలోపు వినక తప్పేది కాదు.

దేవుడికి కూడా అది వినిపించినట్టుంది. ఆ ఏడే సుంకప్ప కూతురు ముత్యాలుకు సంబంధం కుదిరింది, అదీ ఎర్రిస్వామి తమ్ముడి కొడుకుతో. కుదిర్చింది ఆడవాళ్ళు. సుంకప్ప భార్య జయలక్ష్మమ్మకూ ఎర్రిస్వామి ఇంటివాళ్ళకూ దూరపు చుట్టరికం ఉంది. పిల్లవాడు నెమ్మదస్తుడు, మగ్గం పనిలో చెయ్యి తిరిగినవాడు. ముత్యాలుకు నచ్చాడు. ఆ ఇంట్లో నవ్వు వినిపించి రెండేళ్ళయింది. రెండేళ్ళ కిందట టైఫాయిడ్‌తో ఒక్కగానొక్క కొడుకు వెంకటేశు పోయాడు. ఇరవై రెండేళ్ళవాడు, తండ్రితో సమానంగా బండి తోలేవాడు. ఈ పెళ్ళి జరిగితే ఇల్లు మళ్ళీ ఇల్లవుతుందని జయలక్ష్మమ్మ ఆశ.

తాంబూలాల రోజున అంతా సవ్యంగానే నడిచింది. పళ్ళెం చేతులు మారబోతుండగా ఎర్రిస్వామి నవ్వుతూ, కోడలిని తీసుకుపోవడానికి మా బండే వస్తుందన్నాడు. సుంకప్ప పళ్ళెం కింద పెట్టేశాడు. పిల్ల తన బండిలోనే పోతుందన్నాడు. ఫుట్‌బోర్డు మీద నిలబడటానికి తన అన్న కొడుకు ఆంజనప్పకు కొత్త పంచె కూడా కొన్నానన్నాడు. ఎర్రిస్వామి అప్పటిదాకా ఓర్చుకున్న మనిషే, కానీ ఆయనకూ వీధి ఉంది, ఆ వీధికీ నోరుంది.

"మా ఇంటి కోడలు మా బండి ఉండంగా బాడుగ బండ్లో దిగితే నేను తలెత్తుకోని తిరగల్నా సుంకప్పా?"

బాడుగ బండి అన్న మాట సుంకప్పకు చెంపదెబ్బలా తగిలింది. మాటకు మాట పెరిగింది. శుక్రవారం లోపల ఏ సంగతీ చెప్పమని, లేదంటే ఎవరి దారి వారిదేనని ఎర్రిస్వామి లేచిపోయాడు. వడ్డించడానికి తీసిన విస్తళ్ళు అలాగే ఉండిపోయాయి.

జయలక్ష్మమ్మ ఆ రోజు మొగుణ్ణి కడిగి ఆరేసింది. రేకు ముక్క కోసం పిల్ల బతుకు బజారున పెడతావా అంది. ఎద్దులబండికి ఫుట్‌బోర్డు ఉన్నిందా, అప్పుడు ఆడపిల్లలు అత్తగారిండ్లకు పోలేదా అంది. సుంకప్ప గొంతు పెంచాడు. మాట అంటే మాటేనన్నాడు. మూడు ఊళ్ళలో నోటితో చెప్పినదాన్ని ఇప్పుడు ఏ మొహంతో మింగాలన్నాడు. నిజానికి ఆయనకు ఎర్రిస్వామి మీద కంటే, ఎక్కడో కూర్చుని పెన్సిలుతో ఆ మోడలు గీసి తన ఇంట్లో చిచ్చుపెట్టిన మనిషి మీద కోపం ఎక్కువగా ఉంది. వాడికి చెల్లెలు లేదేమో, ఉన్నా సాగనంపి ఎరుగడేమో అని గొణుక్కున్నాడు.

మర్నాడు పొద్దున అలవాటు ప్రకారం బండి కడుగుతున్నాడు. టాపు, అద్దాలు అయిపోయాక ఫుట్‌బోర్డు దగ్గర కూర్చుని, దాని మీది రబ్బరు గాడుల్లో ఇరుక్కున్న ఎర్రమట్టిని పుల్లతో తీస్తున్నాడు. ముత్యాలు నీళ్ళ బిందె తెచ్చి పక్కన పెట్టింది. పెట్టి పోలేదు.

"నాయనా, ఆంజనప్పను దీని మీద నిలబెట్టద్దు."

వాడేం చేశాడని సుంకప్ప అడిగాడు. వాడు మంచోడేనంది. తర్వాత తండ్రి వైపు కాకుండా ఫుట్‌బోర్డు వైపు చూస్తూ చెప్పింది.

"ఇది అన్న నిలబడాల్సిన జాగా. ఇంకొకరు పంచె కట్టుకోని ఈడ నిలబడి, ఊరంతా చూస్తాంటే, నేను ఆ పక్కనే కూర్చోని పోలేను నాయనా. చచ్చినా పోలేను. వాళ్ళ కొత్త బండికి ఈ జాగానే లేదు. నేను దాంట్లో పోతా."

సుంకప్ప నోటి నిండా మాటలు వచ్చాయి. ఆచారం, మర్యాద, ఇచ్చిన మాట, కంపెనీ, ఎర్రిస్వామి, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. పుల్ల పక్కన పడేసి ఫుట్‌బోర్డు వైపు చూశాడు. వెంకటేశు పోయినప్పటి నుంచి ఎన్ని పెళ్ళిళ్ళకు బండి తోలాడో, ఎంతమంది అన్నదమ్ములు ఎడమపక్క ఫుట్‌బోర్డు మీద నిలబడి వచ్చారో. ఒక్కసారి కూడా తను ఆ పక్కకు తల తిప్పలేదు. రోడ్డు మీద చూపు ఉంచాలి కాబట్టి అనుకున్నాడు ఇన్నాళ్ళూ. కాదు. ఆ నిలబడినవాడి మొహం చూడలేక. తను చూడలేనిదాన్ని పెళ్ళిరోజున కూతురి పక్కన నిలబెట్టబోయి, దానికి మర్యాద అని పేరు పెట్టి, దానికోసం ఇంత రచ్చ చేశాడు.

"సరే పో," అన్నాడు చివరికి. ఆ రెండు ముక్కలే.

ఆ మధ్యాహ్నమే ధర్మవరం పోయి ఎర్రిస్వామితో మీ బండే పంపమని చెప్పాడు. కారణం చెప్పలేదు. ఎర్రిస్వామి మర్యాదస్తుడు, అడగలేదు, నవ్వలేదు కూడా. లోపలికి కేకేసి మజ్జిగ తెప్పించాడు. ఊళ్ళు మాత్రం ఊరుకుంటాయా. బస్టాండులో సుంకప్ప కనబడితే చాలు, ఎద్దులబండి ఎప్పుడు కడతాండావప్పా అని అడిగేవాళ్ళు. వియ్యంకుడి డబ్బు చూసి నాలుక మడత పెట్టాడన్నారు. ఎన్నడూ ఒకరితో ఒక మాట పడని మనిషి అన్నీ పడ్డాడు. లోపల ఉడికిపోతూనే పడ్డాడు.

పెళ్ళయింది. అప్పగింతలయ్యాయి. మీగడ రంగు బండి బంతిపూల దండలతో గడప ముందుకు వచ్చి ఆగింది. ముత్యాలు కళ్ళు తుడుచుకుంటూ ఎక్కి, పెళ్ళికొడుకు పక్కన సర్దుకుని కూర్చుంది. ఒడిబియ్యం మూట జయలక్ష్మమ్మే ఒళ్ళో పెట్టింది. హిందూపురం నుంచి జిలాన్, ఆదెప్ప వచ్చి ముందు వరసలో నిలబడ్డారు. ఆదెప్పకు చెడ్డ మనసు లేదు గానీ ఎగతాళి నోటిదాకా వస్తే ఆపుకోలేడు. బండిని తేరిపార చూసి, పదిమందికీ వినబడేటట్టు అన్నాడు.

"ఏమప్పా సుంకప్పా, ఆంజనప్ప కొత్త పంచె కట్టుకోని రెడీగా ఉండాడు. యాడ నిలబెడతావు పాపం? ఈ డబ్బాకు జాగా లేదని నువ్వే కదా..."

"ఆదెప్పా." సుంకప్ప గొంతు పెద్దగా లేదు, కానీ మేళం వాళ్ళు కూడా ఆగిపోయారు. "ఈ బండిని ఇంకొక్క మాట అంటే మన స్నేహం ఈడికి సరి. ఆ జాగా నా కొడుకుది. నా కొడుకు లేడు. వాడు లేని జాగా నా బిడ్డ కంటికి కనపడకుండా తీసేసినాడు చూడు ఆ మహానుభావుడెవడో, వాడు చల్లగుండల్ల."

ఆదెప్ప తల దించుకున్నాడు. జిలాన్ వచ్చి సుంకప్ప భుజం మీద చెయ్యి వేశాడు. డ్రైవరు ఎవరి వైపూ చూడకుండా ఆ స్టీరింగు పక్క గేరు కడ్డీని కిందికి లాగాడు, బండి చప్పుడు లేకుండా కదిలింది. అద్దంలోంచి ముత్యాలు తండ్రి వైపు చూసింది. సుంకప్ప పై కండువా మొహానికి అడ్డం పెట్టుకోకుండా, ఊరందరి ముందూ, వెక్కి వెక్కి ఏడ్చాడు.