గాలి ఫిరంగికి నీటి పరీక్ష

మా తమ్ముడు పోయిన రోజు, ఏడో పీరియడ్‌లో నేను పైఅంతస్తులో వ్యాకరణం చెబుతున్నాను. వాడు కింద వర్క్‌షాప్‌లో తన రోబోటిక్స్ పిల్లలతో టీషర్టులు విసిరే గాలి ఫిరంగి బిగిస్తూ కూలబడ్డాడు. నేను దిగి వచ్చేసరికి అంబులెన్సు తలుపు వేసేశారు.

రెండు వారాల తర్వాత బడికి వచ్చాను. స్టాఫ్ రూములో కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధీ కాలేదు. వర్క్‌షాప్ గుమ్మం దాకా వెళ్లడం, వెనక్కి రావడం. గురువారం లోపలికి వెళ్లాను.

పిల్లలు ఫిరంగి పూర్తి చేశారు. పైన గొట్టం, మధ్యలో వాల్వు, కింద పాత లారీ బ్రేకుల గాలి ట్యాంకు. శనివారం ఆటల పోటీల్లో జనం మీదికి షర్టులు పేల్చాలని వాళ్ల ఆరాటం. ట్యాంకు మీద సుద్దతో వాడి చేతిరాత: 80. అది చెరగకుండా చుట్టూ టేపు అంటించారు.

జట్టు నాయకురాలిని అందరూ స్పానర్ అంటారు. సార్ ఎనభై పౌండ్ల ఒత్తిడికి పరీక్షించి రాసి వెళ్లారని ఆ పిల్ల చెప్పింది.

నేను ట్యాంకు మీదికి వంగి చూశాను. వాడు అంకె ముందే రాస్తాడు. తర్వాత ట్యాంకు నిండా నీళ్లు పోసి, అంతకు ఒకటిన్నర రెట్లు ఒత్తిడి పెట్టి, పది నిమిషాలు చుక్క కారకపోతే అప్పుడు అంకె చుట్టూ సున్నా చుడతాడు. చిన్నప్పుడు లెక్కల పుస్తకంలోనూ అంతే. నీళ్లయితే బలహీనమైన చోట కారి ఊరుకుంటాయి. గాలయితే ట్యాంకు ముక్కలై ఎగురుతుంది.

ఇక్కడ అంకె చుట్టూ సున్నా లేదు.

“దీన్ని ఇంకా పరీక్షించలేదమ్మా,” అన్నాను.

“అయితే ఇప్పుడు చేద్దాం టీచర్. పావుగంట పని.” స్పానర్ ఆగింది. “కాకపోతే పైనంతా తుడవాలి. లేకపోతే చుక్క కారినా కనబడదు.”

ఎవరూ గుడ్డ అందుకోలేదు.

“ఆ రాతకు ఫొటోలు తీశాం టీచర్, ముప్పై ఆరు,” అంది స్పానర్. “సార్ ఉంటే, ఫిరంగికి పెళ్లా అనేవారు.”

గుడ్డ నేనే తీసుకున్నాను. తడిపాను, పిండాను, మళ్లీ తడిపాను. బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాను. చివరికి గుడ్డ ఆరేసి, గాలి నింపే కంప్రెసర్ వైరు ఊడదీసి నా సంచిలో వేసుకున్నాను. రేపు చూద్దామన్నాను. శుక్రవారమూ అదే మాట అన్నాను.

శనివారం పిల్లలు షర్టులు చేత్తోనే విసిరారు. ఒక్కటీ మూడో వరుస దాటలేదు. స్పానర్ నావైపు ఒకసారి చూసింది.

ట్యాంకుకు నీటి పరీక్ష ఇంకా జరగలేదు.