పేరుపెట్టి పిలిచిన మడులు

కొలతల గొలుసు కొస చేతికి చుట్టుకుని తవిటయ్య గట్టు దిగాడు. మేకు నేలమీద నిలబెట్టి, వంగి, "పాలకంకుల మడీ, నానే వచ్చినాను" అన్నాడు. ఆ తరువాతే సుత్తి ఎత్తాడు. ఎండకు కమిలిన వీపు, వంకర తిరిగిన కాలివేళ్లు, చెవికి రాగి పోగు.

వాళ్లింటి ఆచారమది. మడిలో కాలుపెట్టే ముందు పేరుపెట్టి పిలవాలి. పిలవకుండా దిగితే నేలకు కోపమొస్తుందట.

ఆ మడులు బీడుపడి ఏడేళ్లయింది. ఊరు ఖాళీ చేయించారు, ఉక్కు కర్మాగారానికి కొలతలు నడుస్తున్నాయి. కూర్మన్నపాలెం పక్క పాకలో ఒంటరిగా ఉంటూ తవిటయ్య సర్వే గొలుసు లాగుతున్నాడు. కూటికోసం కోటి విద్యలన్నారు. తాత దున్నిన నేలలో మేకులు దిగ్గొట్టడమూ అందులో ఒకటి కాబోలు.

సీతమ్మధార నుంచి వచ్చే సర్వేయరు రమణమూర్తికి ఈ పిలుపులు వేడుక.

"ఏమంటోందోయ్ నీ మడి?"

"దాహమంటంది బాబూ."

పదహారో మేకు దగ్గర తవిటయ్య సుత్తి దించి నిలబడిపోయాడు. ఎండమావిలో నువ్వులచేను పూసినట్టే ఉంది. వాళ్లమ్మ చిట్టమ్మ కలుపు తీస్తూ, నడుమెత్తి తనవైపు చూసినట్టే ఉంది. గుండె చెరువైపోయింది.

"బాబూ, ఈ పేర్లు నాకు తప్ప ఎవులికీ తెల్దు. నాను పోతే ఈటిని ఎవులు పిలుస్తారు? మీ బుక్కులో రాయండి."

"పటంలో నంబర్లే ఉంటాయయ్యా. సరేలే, మధ్యాహ్నం కూర్చుని చెబుదువుగాని, రాసుకుంటాను."

తవిటయ్య మొహం విచ్చుకుంది. ఇన్నాళ్లకు వినేవాడు ఒకడు దొరికాడు. అంబలి తాగి, తాటిచెట్టు నీడలో తువ్వాలు పరుచుకుని, మరిచిపోకుండా పేర్లన్నీ వరసగా గొణుక్కున్నాడు. సముద్రం మీదనుంచి గాలి వచ్చింది. పెదవులు కాసేపు కదిలి ఆగిపోయాయి.

రమణమూర్తి పుస్తకం పట్టుకుని వచ్చి, కునుకు తీస్తున్నాడనుకుని ఎదురుగా కూర్చున్నాడు. పెన్సిలు చెక్కుకున్నాడు. చాలాసేపటికి భుజం తట్టి చూశాడు. ఒళ్లు చల్లగా ఉంది.

మర్నాడు పదిహేడో మేకు తనే పట్టుకుని దిగాడు. నిన్న విన్న పదహారు పేర్లలో పాలకంకుల మడి ఒక్కటే గుర్తుంది. దాన్ని ఆ మడి నంబరు పక్కన రాశాడు. మేకు నిలబెట్టి, వంగి, నోరు తెరిచాడు. ఈ మడిని ఏమని పిలవాలి? ఒక్క పూట ముందు అడిగి ఉంటే తెలిసేది. సిగ్గుతో, దిగులుతో మేకూ సుత్తీ గట్టుమీద పెట్టేశాడు.

దెబ్బ పడని ఆ మేకు పొద్దుపోయేదాకా గట్టుమీద గడ్డిలో పడి ఉంది.